కవరులోకి పోబోయిన ఓటు

అరవై ఏడు ఎన్నికలకు నన్ను పోలింగ్ ఆఫీసరుగా వేశారని కాగితం వచ్చిన రోజున మా పాపకు కింది పళ్ళు వస్తున్నాయి. తొమ్మిదో నెల. జ్వరం ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను. అరగంటకోసారి నుదురు ముట్టుకుని చూసేదాన్ని. ఇప్పుడు దానికి మూడో ఏడు నడుస్తున్నా నాకు ఆ అలవాటు పోలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాక కూడా రెండుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చాను. హాయిగా నిద్రపోతోంది.

నేను శ్రీకాకుళంలో ఆడపిల్లల స్కూల్లో టీచర్ని. విజయనగరంలో బి.ఏ. చదివాను. ఆడవాళ్ళ వరస దగ్గర ఆడవాళ్ళే ఉండాలని ఆ ఎన్నికల్లో పట్టుబట్టారు. జిల్లా అంతా గాలించినా చదువుకున్న ఆడవాళ్ళు సరిపోలేదట. చంటిపిల్ల ఉందని అర్జీ పెట్టుకున్నాను. 'పిల్లను వెంట తీసుకువెళ్ళవచ్చును' అని దాని మీదే ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు. మా ఆయనకూ డ్యూటీ పడింది, పార్వతీపురం వైపు. నాకు పాతపట్నం అవతల ఒక పల్లె వచ్చింది. పాపను చూసుకోవడానికి మా అత్తగారు చీర మడత పెట్టుకుని సిద్ధమైపోయారు.

"నానూ డ్యూటీకే వస్తన్నాను. నాకు ఆర్డరు రాలేదు, అంతే తేడా," అన్నారావిడ.

పాతపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి రెండెడ్ల బళ్ళు. ఒక బండిలో పెట్టెలు, రెండో బండిలో మేము. మా ప్రిసైడింగ్ ఆఫీసరు కలెక్టరాఫీసులో పెద్ద గుమాస్తా, రిటైరవడానికి దగ్గర పడిన మనిషి. రూళ్ల పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఊళ్ళో ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదు టీచరమ్మా," అని దారిపొడుగునా చెబుతూనే ఉన్నారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఒక్క ఫిర్యాదు లేదు. ఆఖర్న మజ్జిగకు దొరికిపోకూడదు."

ఊరికి మైలు దూరంలో ఒక గెడ్డ అడ్డం వచ్చింది. కొండల్లోంచి దిగే వాగు అది. మాఘమాసం కదా, ఎడ్ల మోకాళ్ళ దాకానే ఉంది నీరు. కాని గట్లు రెండువైపులా నిలువునా కోసుకుపోయి ఉన్నాయి. బండి దిగుతుంటే పాపను గుండెకు కరుచుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఇప్పుడు బయపడితే ఎలగమ్మా," అన్నాడు బండివాడు. "వానల్లో సూడాల దీన్ని. మూడేసి రోజులు ఈ గట్టోల్లు ఈ గట్టునే, ఆ గట్టోల్లు ఆ గట్టునే."

పోలింగు పెట్టవలసింది ఊరి బడిలో. ముందు ఒక గది, వెనక చిన్న వరండా. మా అత్తగారు వరండాలో చీరతో ఉయ్యాల కట్టారు. ప్రిసైడింగ్ ఆఫీసరుగారు గదిలో బల్లలు ఎక్కడ ఉండాలో సుద్దతో గీతలు గీస్తున్నారు. ఆ సాయంత్రమే ఒకావిడ చెంబు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. పొడగరి. మోచేతుల దాకా పచ్చబొట్లు.

"గుంటకి పాలు తెచ్చినాను," అంది, ఉయ్యాల్లోని పాపను చూపిస్తూ.

ప్రిసైడింగ్ ఆఫీసరుగారు సుద్దముక్క పట్టుకునే అడ్డం వెళ్ళారు. "వద్దమ్మా. మేము ఓటర్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు."

"నీకు కాదు బాబూ. నీకు పళ్ళొచ్చి సానా కాలమయ్యింది. గుంటకి."

"ఎవరికైనా రూలు రూలే."

"ఆ గుంటకి వోటుందేటి?"

ఆయన తువ్వాలు విప్పి పుస్తకం తిరగేశారు. కాసేపు వెతికి మూసేశారు. "చంటిపిల్లల గురించి ఇందులో ఏమీ రాయలేదు," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. ఆ లోపల మా అత్తగారు చెంబు అందుకోనే అందుకున్నారు.

పాలు ఇచ్చేసి ఆవిడ వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చుంది. నన్ను కాసేపు చూసి, "అమ్మా, రేపు మీరిచ్చే కాగితం మీద ముక్కెమంత్రి బొమ్మ ఏది?" అని అడిగింది.

నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మేము దాటి వచ్చిన గెడ్డ మీద వంతెన కావాలని ఆవిడ మూడేళ్ళుగా బడి మాస్టారి చేత అర్జీలు రాయిస్తోంది. బ్లాకాఫీసుకు రాయించింది, కలెక్టరుకు రాయించింది. 'ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది' అని ఒకే ఒక్క జవాబు వచ్చింది. ప్రభుత్వమంటే ఎవరని మాస్టారిని అడిగితే, చాలామంది ఉంటారు గాని అందరికీ పైన ముఖ్యమంత్రి ఉంటారని చెప్పాడట.

"అయితే ఆయనకే ఏస్తాను. ఏసినోలికి అడిగే అక్కుంటాది గదా."

ముఖ్యమంత్రి పేరు ఇక్కడి కాగితం మీద ఉండదని చెప్పాను. ఈ ప్రాంతం తరపున శాసనసభకు ఒకరిని మనం ఎన్నుకుంటాము, అలాంటివాళ్ళందరూ హైదరాబాదులో కలుస్తారు, వాళ్ళలో ఎక్కువమంది ఎవరిని నాయకుడంటే ఆయన ముఖ్యమంత్రి అవుతారు, అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.

"అంటే పెల్లిసూపులకి మన తరపున ఒక పెద్దమనిసిని పంపినట్టు. పెల్లికొడుకుని సూసేది ఆడు. ఆడు సరైనోడో కాదో సూసుకోవాల్సింది మనం. అంతేనా?"

"అంతే," అన్నాను. సివిక్స్ పాఠం మూడేళ్ళుగా చెబుతున్నాను. ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

"ఏ బొమ్మకి వెయ్యాలో మాత్రం నేను చెప్పకూడదు."

"నానడిగినానేటి?" అంది.

వంతెన మీద అంత పట్టు ఎందుకని అడిగారు మా అత్తగారు. ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది. నాలుగేళ్ళ క్రితం ఆవిడ కూతురు మొదటి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆశ్వయుజం వానలు. రెండు రోజులు నొప్పులు పడింది. పాతపట్నం ఆస్పత్రికి తీసుకుపోదామని సాయంత్రం బండి కట్టారు. గెడ్డ నిండుగా పారుతోంది. నీరు తీస్తుందని గట్టు మీదే బండి నిలిపి రాత్రంతా చూశారు.

"తెల్లారేసరికి నీరు తీసింది. అప్పటికి దాటాల్సిన పని నేకపోయింది."

నేను ఎందుకో ఉయ్యాల్లోంచి పాపను తీసి ఒళ్ళో వేసుకున్నాను. ఒళ్ళు చల్లగానే ఉంది.

"బండి కట్టమన్నది మా తోడికోడలు," అని ఆవిడే మళ్ళీ అంది. "ఇంట్లోనే ఉంటే మంత్రసాని సూసుకుండును అని నాను. దాంతో నాకు మాటల్లేవు అప్పట్నించీ. ఒకటే ఇల్లు, మద్దిన గోడ. దాని పేరూ నా పేరూ కూడా ఒకటే. మా అమ్మోరి పేరు. ఈ ఊర్లో సగం మంది ఆడోల్లకి అదే."

చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి తలుపులు తెరిచేసరికి ఆడవాళ్ళ వరస బడి చుట్టూ తిరిగి ఉంది. నా పని జాబితాలో పేరు చూసి, గీత గీసి, పక్కన చిన్న గుర్తు పెట్టడం, ఎడమచేతి వేలికి సిరా రాయడం. జాబితాలో ఇంటిపేరు, మనిషి పేరు, ఆడవాళ్ళకైతే భర్త పేరు, వయసు ఉంటాయి. ఇంటిపేర్లు ఆ ఊళ్ళో నాలుగో అయిదో. మనిషి పేరు ఆవిడ చెప్పినట్టు సగం మందిది అమ్మవారిదే. ఇక తేడా తెలియవలసింది భర్త పేరుతోనే. అది మాత్రం ఒక్కరూ చెప్పరు. మొగుడి పేరు పలికితే ఆయువు తగ్గుతుందని భయం.

చెప్పకపోతేనేం, దారులు వాళ్ళకు ఉన్నాయి. ఒకామె వేలెత్తి సూర్యుణ్ణి చూపించింది. ఒకామె, "రావణాసురుణ్ణి సంపినోడు," అంది. ఒక ముసలామె ఆదివారం మర్నాడు ఏమిటో చెప్పుకోమంది. ఇంకో కొత్త కోడలు ఏమీ చెప్పకుండా వెనకామె వీపులో మొహం దాచుకుంటే, వెనకామె, "ఏనుగు తలకాయున్నోడు బాబూ, రాసుకోండి," అని అరిచింది. వరసంతా నవ్వు.

"ఇది ఎన్నికా, పొడుపుకథల పోటీయా," అని ప్రిసైడింగ్ ఆఫీసరుగారు తల పట్టుకున్నారు.

నాకు మాత్రం వింతగా లేదు. పెళ్ళయి అయిదేళ్ళయినా మా ఆయన పేరు నేను ఒక్కసారీ పైకి పలికి ఎరగను. ఆస్పత్రిలో అడిగితే చీటీ మీద రాసి ఇచ్చాను. అందుకే వాళ్ళ సైగలు గబగబా పట్టుకుని, గబగబా గీతలు గీసుకుంటూ పోయాను. పని చురుగ్గా సాగుతోందని కొంచెం గర్వం కూడా కలిగింది.

తొమ్మిది దాటాక ఒకామె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. ఇంటిపేరు, తన పేరు చెప్పింది. మరి ఆయన పేరు అంటే, "సింహాచలం కొండ మీద ఉన్నోడు," అంది. సరిగ్గా అప్పుడే వెనక వరండాలో పాప ఏడుపు ఎత్తుకుంది. మామూలు ఏడుపు కాదు, ఊపిరి ఆగేలాంటిది. నా చూపు తలుపు వైపు, చెయ్యి జాబితా మీద ఉన్నాయి. ఆ ఇంటిపేరుతో, ఆ పేరుతో, సింహాచలం స్వామి పేరున్న వరస కనబడగానే గీత గీసేశాను. వేలికి సిరా రాశాను. ఆమె వెళ్ళిపోయింది. నేను ఒక్క నిమిషం అడిగి వెనక్కు పరిగెత్తాను. చీమ కుట్టింది, అంతే.

నిన్న పాలు తెచ్చిన పెద్దావిడ పొద్దుటి నుంచీ కనబడుతూనే ఉంది, వరసలో కాదు. పొలాల అవతల ఉన్న చిన్న పేటల నుంచి ఆడవాళ్ళను పదేసి మందిని నడిపించుకు వస్తోంది. ఇవతల ప్రచారం చెయ్యకూడదని హద్దుగా తాడు కట్టిన చోట ఆగిపోతుంది. వాళ్ళను లోపలికి పంపి మళ్ళీ ఇంకో పేటకు బయలుదేరుతుంది. ఒకామెకు నెలలు నిండాయి, ఆమెను బండి మీద తెచ్చింది. ఒక గుడ్డి ముసలామెను చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఎవరికి వెయ్యాలని ఆవిడ ఎవరికైనా చెప్పిందేమో నాకు తెలియదు. తాడు ఇవతల మాత్రం నోరు విప్పలేదు. మధ్యాహ్నం నేను పాపకు పాలివ్వడానికి బయటికి వచ్చినప్పుడు, నువ్వు ఎప్పుడు వేస్తావని అడిగాను.

"ఆకర్న. నాను ముందే ఏసేస్తే, నీ పనయిపోనాది గదా ఇంక మాతో ఏటి అంటారీలు."

నాలుగు గంటలకు వచ్చింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. నేను అడగకుండానే ఇంటిపేరు, తన పేరు, భర్త పేరు వరసగా పెద్దగా చెప్పేసింది. గది అంతా తలెత్తి చూసింది.

"ఆయన పోయి ఎనిమిదేల్లయ్యింది," అంది. "ఇప్పుడు పిలిస్తే మట్టుకు వస్తాడేటి?"

నవ్వుతూ జాబితాలో చూశాను. ఆవిడ పేరు కింద గీత ఉంది. నా గీతే. ఆ కింది వరస చూశాను. అదే ఇంటిపేరు, అదే పేరు, సింహాచలం స్వామిదే ఇంకో పేరు, వయసు ముప్ఫై. దాని కింద గీత లేదు. అన్నదమ్ములిద్దరికీ ఆ కొండ మీది దేవుడి పేర్లే పెట్టారు. పొద్దున వచ్చిన సన్నటి మనిషి ఈవిడ తోడికోడలు. వయసు చూసి ఉంటే చాలు, పట్టుకునేదాన్ని. చూడలేదు.

లేచి ప్రిసైడింగ్ ఆఫీసరుగారికి చెప్పాను. ఆయన జాబితాను రెండుసార్లు చూశారు.

"మీ పేరున ఓటు పడిపోయిందమ్మా," అన్నారు ఆవిడతో. "అలాంటప్పుడు రూలు ఏమిటంటే, వేరే కాగితాల మీద వేయిస్తాం. వాటిని పెట్టెలో వెయ్యం. కవరులో పెట్టి సీలు వేస్తాం."

"కవర్లో పెడితే లెక్కెడతారా?"

ఆయన తటపటాయించారు. "మామూలుగా లెక్కపెట్టరు. కోర్టుకు వెళితే అప్పుడు చూస్తారు."

"మరి కవర్లో ఏటి సేస్తాది నా వోటు? నిద్రోతాదా?"

"తప్పు నాదండీ," అన్నాను. "పొద్దున వచ్చినామె కింది వరసలో మనిషి. నేనే పై వరస గీశాను."

"తప్పు ఎవరిదైనా గీత గీతే కదా టీచరమ్మా."

గదిలో పోటీచేస్తున్న వాళ్ళ తరపున ఇద్దరు ఏజెంట్లు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఆ ఊరివాళ్ళే. మొదటాయన, "ఈ ఇద్దరు ఆడోల్లూ ఎవులో ఊరంతటికీ తెలుసు. దిద్దీండి, నానొప్పుకుంటన్నాను," అన్నాడు. రెండో ఆయనకు ఈ పెద్దావిడ ఓటు తమకు పడదని అనుమానం కాబోలు.

"ఊరికి తెలిస్తే సాలదు. రూలు ప్రకారం కవర్లో ఎట్టండి."

ప్రిసైడింగ్ ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రూళ్ల మనిషే. కాని పొద్దుటి నుంచీ ఆవిడ ఎంతమందిని నడిపించుకు వచ్చిందో ఆయనా చూశారు. "ఒక పని చేద్దాం. పొద్దున వచ్చినామె మళ్ళీ వచ్చి, వేలి మీద సిరా చూపించి, తాను ఫలానా ఆయన భార్యనని మీ ఇద్దరి ముందూ చెబితే దిద్దుతాను. మీరిద్దరూ సంతకం చెయ్యాలి."

రెండో ఆయన నవ్వాడు. "అలాగే. దాని నోటితో అది సెప్పాల. కొండలూ దేవుల్లూ కుదరవు. పేరు పలకాల."

"అది రాదు బాబూ," అంది పెద్దావిడ. "నా కోసం అసలు రాదు." వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. అంతసేపూ నిటారుగా ఉన్న మనిషి అప్పుడు వంగినట్టు కనిపించింది.

అయిదింటికి పోలింగు ఆఖరు. తలారిని పంపించాం. ఎదురుచూస్తున్నంతసేపూ ఇద్దరో ముగ్గురో ఓటర్లు వచ్చి వెళ్ళారు. ఒక్కొక్కరి వయసూ మూడేసిసార్లు చూశాను.

చిన్నావిడ వచ్చింది. పిడకలు చేస్తూ లేచి వచ్చినట్టుంది, చేతులకు పేడ. కడుక్కుని వేలు చూపించింది. సిరా ఉంది. మెట్టు మీద కూర్చున్న తోడికోడల్ని చూడకుండానే దాటుకుని లోపలికి వచ్చింది. జరిగింది చెప్పాను, నా వల్లనే జరిగిందని కూడా చెప్పాను.

"ఆయన కలకత్తాలో ఉన్నాడమ్మా, జూటుమిల్లులో," అంది. "ఇక్కడ నాను పేరెత్తితే, అక్కడ మిషన్ల మద్దిన ఆయనకేటైనా అయితే? ఆయన రాసిన కార్డు తెస్తాను. దాని మీద పేరుంటాది, సదువుకోండి."

"నోటితో అనుకున్నాం," అన్నాడు రెండో ఏజెంటు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు సెప్తావేటమ్మా మీ ఆయన పేరు? సదువుకున్నావు గదా. నువ్వు సెప్పు, నానూ సెప్తాను."

అందరూ నన్ను చూశారు. ఒక పేరు పలికితే మనిషికి ఏమీ కాదని నాకు తెలుసు. మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసం రాయించి మార్కులు వేసినదాన్ని. వరండాలో మా అత్తగారు నాకు వీలు ఇవ్వడానికే అన్నట్టు మొహం అటు తిప్పుకున్నారు. నోరు తెరిచాను. ఆయన ఆ రాత్రికి ఏదో ఘాటు రోడ్డు మీద లారీలో పెట్టెలతో తిరిగి రావాలి కదా అనిపించింది. ఆ మలుపులు కళ్ళకు కట్టాయి. నాలుక కదలలేదు.

"రాసి చూపిస్తాను," అన్నాను.

ఆమె నన్ను వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు. "సదివినా పోదన్నమాట," అంది, తోటి మనిషితో అన్నట్టు.

తలుపులోంచి మెట్టు కనిపిస్తోంది. మెట్టు మీద పెద్దావిడ వీపు కనిపిస్తోంది. ఆ వీపును చూస్తూ, "ఆ రోజు బండి కట్టమన్నది నానే," అంది. ఎవరితో అందో తెలియదు. తరువాత కొంగు నిండుగా కప్పుకుంది. మెడలో తాడును గుప్పిట్లో పట్టుకుంది. ప్రిసైడింగ్ ఆఫీసరుగారి వైపు తిరిగి, ఇంటిపేరుతో సహా భర్త పేరు పలికింది. గొణగలేదు. పొలం అవతల ఉన్న మనిషిని పిలిచినంత గట్టిగా పలికింది.

మొదటి ఏజెంటు సంతకానికి కలం అందుకున్నాడు.

"ఇన్నావా బాబూ," అంది రెండో ఏజెంటుతో. "ఇనబడకపోతే మల్లా సెప్తాను."

"అక్కర్నేదు," అన్నాడతను. తల వంచుకుని సంతకం చేశాడు. ఆమె బయటికి వెళ్ళేటప్పుడు దారి ఇచ్చి పక్కకు జరిగాడు కూడా.

జాబితా దిద్దారు. ఈసారి వయసు కూడా చదివి వేలికి సిరా రాశాను. పెద్దావిడ అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి, రెండు కాగితాలూ తీసుకుని, ఓటు వెయ్యడానికి కట్టిన గోనెపట్టా మాటుకు వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ముద్ర వెయ్యడం తెలియలేదేమోనని భయపడ్డాను. లోపలికి వెళ్ళి చెప్పకూడదు. చివరికి వచ్చింది.

"సిరా ఆరనిచ్చినాను," అంది. "తడి మీద మడిస్తే రెండో బొమ్మకంటుకుంటాది. ఇంత గొడవైనాక అది కూడా పాడైపోతే?"

కాగితాలు పెట్టెలో వేసి, లోపల పడిన చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడింది.

బయట చిన్నావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. మెడలో తాడు ఇంకా గుప్పిట్లోనే ఉంది. ఒక కార్డు ముక్క రాసిపెట్టమని అడిగింది. మా అత్తగారి సంచీలో ఎప్పుడూ రెండు కార్డులు ఉంటాయి. చివరి ఓటరు వెళ్ళిపోయి, పెట్టెకు సీళ్ళు వేస్తుండగా నేను వరండాలో కూర్చుని రాశాను.

"ఏం రాయను?"

"బాగున్నావా అని. జవాబు బేగి రాయమని. ఎందుకడుగుతన్నానో రాయొద్దు."

పెద్దావిడ దూరంగా నిలబడి ఉంది. "ఓట్లేసినామని రాయమ్మా," అంది నాతో. "ఇద్దరం ఏసినామని రాయి."

"కార్డు నాది," అంది చిన్నావిడ, ఆమె కూడా నాతోనే.

"మరిది నాకు. నా మరిదికి నాను రాయించుకుంటే దానికేటి?"

"రాయించుకోనీ. సోటుంటే."

చోటు ఉంది. రాశాను. ఇద్దరూ వెళ్ళేటప్పుడు ఒకరు ముందు, ఒకరు నాలుగడుగులు వెనక నడిచారు. ఏమైనా మాట్లాడుకున్నారేమో నాకు వినిపించలేదు.

ప్రిసైడింగ్ ఆఫీసరుగారు డైరీ నింపుతున్నారు. గుర్తింపులో పొరపాటు జరిగిందని, ఏజెంట్ల సమక్షంలో దాన్ని సరిచేయడమైనదని ఒక్క వాక్యం రాశారు. పొరపాటు నాదని రాయమన్నాను. రాశారు. చిన్నావిడ ఏం చేసిందో కూడా రాయమన్నాను.

"ఈ గడి ఎంతుందో చూడండి టీచరమ్మా," అన్నారాయన. "ఇందులో ఆవిడ పట్టదు."

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టని ఆ పెద్దమనిషి మాట నాకు తరచు గుర్తొస్తుంది. నేను ఇది రాస్తున్నదీ అందుకే.

కొన్ని వారాలకు హైదరాబాదులో శాసనసభ్యులు సమావేశమై నాయకుణ్ణి ఎన్నుకున్నారని, ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారని పేపర్లో వచ్చింది. పూలదండలతో ఫోటో వేశారు. అంతకు ముందు అలాంటి ఫోటోలు చూసి పేజీ తిప్పేసేదాన్ని. ఈసారి ఆగి చూశాను. ఆయన కూర్చోబోయే కుర్చీ చాలా ఎత్తయినదని ఎప్పుడూ వింటాం. దానికి కింద ఆనిక ఎక్కడ ఉందో నేను దగ్గర్నుంచి చూశాను గనుక నాకు ఆయన మీద కొత్తగా గౌరవం కలిగింది, కొంచెం జాలి కూడా. మా అత్తగారికి వార్త అంతా చదివి వినిపించాను. ఆవిడ ఆఖరిదాకా విని, "వంతెన మాట రాయలేదేటి?" అన్నారు.

మర్నాడు నేనే ఒక అర్జీ రాశాను, ముఖ్యమంత్రిగారికని పైన పెట్టి. గెడ్డ వెడల్పు, ఎన్ని పేటలు అవతల ఉండిపోతాయో, ఆస్పత్రి ఎంత దూరమో, నాకు తెలిసినంతవరకూ మంచి భాషలో రాసి, సంతకాలు చేయించి పంపండని ఆ ఊరి బడి మాస్టారి పేర పోస్టు చేశాను. నెల తిరిగాక ఆయన దగ్గర్నుంచి జాబు వచ్చింది. అర్జీ పంపించారట. మొదటి రెండు వేలిముద్రలూ తోడికోడళ్ళవేనట. కలకత్తాలో ఆయన క్షేమంగా ఉన్నాడట, ఓట్లు ఎవరికి వేశారని అడిగాడట, ఇద్దరిలో ఎవరూ చెప్పలేదట.

వంతెన ఇంకా కట్టలేదు. పోయిన నెల మాస్టారు పని మీద శ్రీకాకుళం వచ్చి మా ఇంటికి వచ్చారు. పి.డబ్ల్యు.డి. వాళ్ళు వచ్చి గెడ్డ కొలుచుకుని వెళ్ళారని చెప్పారు. వానల్లో నీరు ఎంత ఎత్తున పారుతుందో కాగితాల్లో లేదట. ఊళ్ళో ఎవరికైనా తెలుసా అని అడిగారట వాళ్ళు. తోడికోడళ్ళిద్దరూ గట్టు దిగి వెళ్ళారట. ఆ రాత్రి బండి నిలిపిన చోట చెరొక పక్కా నిలబడి, నీరు ఎక్కడి దాకా వచ్చిందో చేతులెత్తి చూపించారట. ఇద్దరూ చూపించిన ఎత్తు ఒక్కటేనట. ఓవర్సియరు దాన్ని టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు.